కొండ కనిపించే వైపు

ఉత్తరం బాల్కనీకి
పద్నాలుగు లక్షలు ఎక్కువ.
కాగితంలో దాని పేరు హిల్ వ్యూ ఛార్జీలు.
సంతకం పెడతా మా ఆయన నా చెవిలో అన్నాడు:
"కొండను చూసేదానికి కూడా
టికెట్టు పెట్టినారే!"

దిగిన కొత్తల్లో ఏడో అంతస్తంతా గుసగుసలే.
ఇటలీ రాయి మీద పెరుగన్నం మెతుకు పడితే
రాయే ఉలిక్కిపడుతుందేమో అని
వంగి వంగి తుడిచేదాన్ని.
ఎదురింటావిడ మాకు ఏడొందల రెండు.
మేము ఆమెకు ఏడొందల ఒకటి.
బయట చెప్పులు చూసి
లోపల ఎందరున్నారో లెక్కేసుకునేవాళ్లం.

ఆ తర్వాత చుట్టాలు మొదలైనారు.

తిరుపతిలో ఇల్లుందన్న మాట
నంద్యాలలోనో నర్సాపురంలోనో
ఏ పెళ్లి భోజనాల బంతిలోనో కూర్చుని లేచి
తెల్లారుజామున నాలుగింటికి మన బెల్లు నొక్కుతుంది.
మా తోడికోడలి పిన్నత్త కొడుకు బావమరిది.
ఆయన మొహం నాకు తెలీదు,
మా గీజరు స్విచ్చి ఎక్కడుందో ఆయనకు తెలుసు.

గేటు దగ్గర చెంగల్రాయుడి రిజిస్టరులో
'వచ్చిన పని' అనే గడి
పై నుంచి కిందిదాకా దర్శనం, దర్శనం.
రాసి రాసి చెయ్యి నొచ్చి
ఇప్పుడు ఉత్త 'ద' పెడతా ఉండాడు.

లిఫ్టులో మూడు వైపులా అద్దాలు.
కొండ దిగొచ్చిన పూట
ఆరు గుండ్లు ఎక్కితే ఇరవై నాలుగు గుండ్లు,
అన్నింటి మీదా తడి గంధం.
ఒక పాప తన గుండు చూసుకుని ఏడుస్తుంటే
వాళ్లమ్మ తన గుండు తడిమి చూపించి నవ్విస్తుంది.
గంధం చేతులు అద్దానికి ఆనిస్తే
ఐదొందలు జరిమానా అని
అసోసియేషన్ వాళ్లు నోటీసు అంటించినారు.
వారం తిరక్కముందే
నోటీసు మీదనే ఒక బుల్లి పసుప్పచ్చ అరచెయ్యి.
దాన్ని మాత్రం ఎవరూ తుడవలేదు.

పోయినేడు గంగజాతర చాటింపు వేసిన వారంలో
ఎదురు మామిడి తోపులోకి జేసీబీ దిగింది.
దసరాకు నాలుగంతస్తులు.
శివరాత్రికి పదకొండు.
వాళ్ల బోర్డు మీద కూడా అదే కొండ,
అదే ఎండ, అవే మేఘాలు.
ఇప్పుడు నా బాల్కనీలో నిలబడితే
ఎవరిదో చిమ్నీ గొట్టం,
ఆరేసిన కావి పంచె,
నన్ను చూసి తెర లాగేసే ఒక చెయ్యి.

డబ్బు వాపసు రావాల్సిందేనని
క్లబ్ హౌసులో మీటింగు.
ఐదొందల నాలుగు రెడ్డెప్ప గారు బల్ల చరిచినారు.
డాక్టర్ హైమావతి కోర్టు అనింది.
దక్షిణం బాల్కనీల వాళ్లు
సమోసా తిని, మీసాల చాటున నవ్వుకుని
లేచిపోయినారు.

కత్తిరి ఎండల్లో ఒక రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు రెండు దగ్గులు దగ్గి పడుకునింది.
ఉక్క తట్టుకోలేక
చేతిలో చేట పట్టుకుని మిద్దె మీదికెక్కినాను.
అప్పటికే సగం బిల్డింగు అక్కడే ఉండాది,
నైటీలతో, లుంగీలతో, ఒళ్లో పిల్లలతో.
నీళ్ల ట్యాంకుల సందులో
టిఫిను డబ్బా ముందేసుకుని చెంగల్రాయుడు
గబుక్కున లేవబోయినాడు.
"కూర్చో అబ్బా" అన్నారెవరో.

అతని భుజం మీదుగా చూసినాను.
ఆ మూల నుంచి
కొండ మొత్తం కనిపిస్తా ఉండాది.
నడకదారి దీపాలు
తెగీ తెగని మొలతాడులాగ.
"రోజూ ఇక్కడేనా నీ భోజనం?"
"నాలుగేండ్లయిందమ్మా.
గాలొస్తాది. అంతే."
మజ్జిగ మిరపకాయ కొరికి
మళ్లీ అటే తిరిగినాడు.

చీకట్లో ఎవరో నా మోచెయ్యి తాకినారు.
"నేను మునిరత్నాన్ని.
మీ ఎదురు తలుపు."
మూడేండ్లకు మొదటి మాట.
ఏం చెప్పాలో తోచక చేట ఇటు నుంచి అటు ఊపినాను.
ఆమె గొంతు ఇంకా తగ్గించింది:

"అక్కా, మా గీజరు చెడిపోయింది.
పొద్దున్నే మా వాళ్లు దిగుతా ఉండారు.
తొమ్మిది మంది."